మోరి ఆరాలి

అరకు రిసార్టులో మంట దగ్గర డప్పు తోలు కాగే వాసనకి మా ఊరి పెళ్లిళ్లు గుర్తొచ్చాయి. నాన్న డప్పు కొట్టేవాడు. దానియేలు మామ సన్నాయిలాంటి మోరి ఊదేవాడు. భోజనాలప్పుడు నాన్న లోపలికి వెళ్తే, మామ పెరట్లోనే ఆకు వేసుకునేవాడు.

"మామ లోపలికి రాడేటి నాన్నా?"

"ఊది ఊది మోరి తడిసిపోనాది గుంటా. ఎండలో ఆరాల. మామ కాపలా ఉండాల," మామ వింటుండగానే చెప్పాడు నాన్న.

నమ్మి, మోరిని ఎండలోకి జరిపేదాన్ని. మామది మావాళ్లు గడప తొక్కనివ్వని కులమని పెద్దయ్యాక తెలిసింది.

ఇవాళ టూరిస్టుల ముందు వాయించాక, వాద్యగాళ్లందరికీ వంటగది వెనక నేలమీద వడ్డించారు. నాన్న, మామ మొదటిసారి ఒకే బంతిలో కూర్చున్నారు.

"లోపల బల్లలు ఖాళీయే కదా నాన్నా?" అన్నాను.

మామే అన్నం కలుపుతూ చెప్పాడు.

"డప్పు ఆరాల గదమ్మా."