గుడ్డ తోక విమానం

నా చిన్నప్పుడు, మా బాపు తమ్ముడు చిన్నబాపు చేతిలోని గంజి కుంచె ఆగిన క్షణంలోనే ఏదో ప్రమాదం వస్తోందని నాకు తెలిసింది. హుజూరాబాద్‌లో మా వాడ పొడవునా తెల్లటి పడుగు చాచి, మగ్గానికి ఎక్కించే ముందు దానికి గంజి పెడుతున్నాం. మొదలుపెట్టాక ఆ కుంచె ఆగకూడదు. గంజి ఆరేలోపు దువ్వకపోతే నూలు పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయి. అలాంటిది ఆయన ఆగి ఆకాశం వైపు చూశాడు. ఆ తర్వాతే విమానం మోత నాకు వినిపించింది.

పోలీస్ యాక్షన్ రోజులవి. నన్ను కన్న అవ్వ అప్పటికే లేదు. బట్ట అమ్మడానికి వెళ్లిన బాపు, దారులు మూసుకుపోయి ఎక్కడో చిక్కుకున్నాడు. ఇంట్లో చిన్నబాపు, నేను మాత్రమే.

వాడంతా ఇళ్లలోకి దూరింది. పక్కింటి పెద్దవ్వ తలుపు సందులోంచి తిట్టింది. "తెల్లగ పైకి కనబడ్తది, గా పడుగు తీయ్‌రా. అందర్ని సంపుతవా ఏంది?"

"తడి పడుగు తీస్తే పాడైతది పెద్దవ్వా. బాంబు తప్పినా ఆకలి తప్పదు," అన్నాడు చిన్నబాపు.

మళ్లీ దువ్వుతూ నాకు తన విమానం కథ చెప్పాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పనిచేశాడని అందరికీ తెలుసు గానీ, అక్కడేం చేశావని ఎవరూ అడగలేదు. ఆ విమానం పేరు డకోటా అట. ఒళ్లంతా రేకే, తోక మీద కదిలే భాగాలకు మాత్రం గుడ్డ. తూటాలకు ఆ గుడ్డ చిరిగితే, నేతగాని చేతులు కదా అని ఈయనతో కుట్టించేవారు. దారిలేని అడవిలో సిపాయిలు నేల మీద తెల్లగుడ్డలు పరిస్తే, అవి చూసి బియ్యం బస్తాలు జారవిడిచేది. వెళ్లేటప్పుడు బియ్యం, వచ్చేటప్పుడు గాయపడ్డవాళ్లు. యుద్ధం ముగిశాక ఇంజన్లు తీసేసి దాన్ని గడ్డిలో వదిలేశారు. ఊరికి బయలుదేరే రోజు ఈయన ఒక్కడే వెళ్లి చూస్తే, తాను కుట్టిన గుడ్డ ఎండకు చివికి గాలికి కొట్టుకుంటోందట.

"గిది గూడ బియ్యం విమానమేనా చిన్నబాపూ?"

అవునంటే నేను నమ్మేదాన్ని.

"ఎర్కలేదు బిడ్డా. నాక్కూడ భయమైతుంది. జర గా కొస గట్టిగ వట్టుకో, నా ఒక్కనితోని కాదు."

పట్టుకున్నాను. మోత మా నెత్తి మీదికి వచ్చి, దాటి పోయింది. బాపు కొన్నాళ్లకు తిరిగొచ్చాడు. అది ఏ విమానమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు మళ్లీ యుద్ధం. మా పిల్లల బాపు సిపాయిగా సరిహద్దులో ఉన్నాడు, ఆయన కబురు తెలియడం లేదు. పగలంతా పిల్లలకు ఏం కాదని చెప్పి, వాళ్లు నిద్రపోయాక ఒక్కదాన్నే దీపం దగ్గర కూర్చుంటున్నాను. నిన్న రాత్రి ఇంతవరకు రాసి పడుకున్నాను.

పొద్దున పెద్దోడు అడిగాడు. "బాపు మంచిగున్నడా అవ్వా?"

ఎప్పటిలా "మంచిగున్నడు" అనబోయి ఆగాను.

"ఎర్కలేదు బిడ్డా. నాకూ ఫికరైతుంది. ఒక్కదాన్నే కూసుంటే ఏం పని సాగుతలేదు. చెల్లెను గూడ తోల్కరా, ముగ్గురం కల్సి గీ పప్పు ఏరుదాం."