అచ్యుతరామయ్య గారి చుట్టరికాలు

అచ్యుతరామయ్య గారికి మనిషి ఎదురుపడితే పేరు అడగరు, పని అడగరు. "తమరెవరి తాలూకండీ?" అని అడుగుతారు. పాపం తెలియక జవాబు చెప్పినవాడి పని అంతే. ఊరు, ఇంటిపేరు, తాతగారి ఉద్యోగం, అమ్మమ్మ పుట్టిల్లు వరసగా లాగి, పావుగంటలో అతణ్ణి తన చుట్టాల్లో కలిపేసుకుంటారు. ఇక ఆ మనిషి భోంచేశాడా లేదా, జ్వరం తగ్గిందా లేదా అన్నది రామయ్య గారి ఇంటి వ్యవహారమైపోతుంది.

ఆయన ప్రొడక్షన్ మేనేజరు. సినిమా వాళ్లు మద్రాసు నుంచి ఒక్కొక్కరే తరలివస్తున్న రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లో ఇళ్ల కంటే బండరాళ్లూ, బండరాళ్ల మధ్య సెట్లూ ఎక్కువ. కో-డైరెక్టర్ చలపతిరావు ఏలూరు నుంచి రేకుపెట్టెతో దిగిన రోజునే రామయ్య గారి చేతికి చిక్కాడు. "అయితే నువ్వు నాకు అల్లుడి వరస!" అని తేల్చేశారాయన. ఏలూరుకీ, కాకినాడ పక్కనున్న రామయ్య గారి పల్లెకీ సంబంధం ఎక్కడ కలిసిందో చలపతిరావుకి ఏడేళ్లయినా అంతుపట్టలేదు.

ఒకసారి బొంబాయి నుంచి విలన్ వచ్చాడు. తెలుగు ముక్క రాదు. రామయ్య గారు మధ్యలో మనిషిని పెట్టుకుని మరీ అడిగారు. సాయంత్రానికల్లా విలన్ తాతగారు రైల్వేలో గార్డుగా చేశారని బయటపడింది. "చూశావా అల్లుడూ, మా పెద్ద తోడల్లుడిదీ రైల్వేయే!" అని ఆ పూట నుంచి విలన్‌కి రోజూ నెయ్యి పెసరట్టు వేయించారు. ఇంకోసారి పాములవాడు పామును తెస్తే, అది ఏ ఊరి పుట్టలోదో కనుక్కున్నాకే గేటు దాటనిచ్చారు.

తొంభై మూడులో ఒక సినిమా తీస్తున్నారు. ఊళ్ల నుంచి ఎత్తుకొచ్చి గాజుల కార్ఖానాకి అమ్మేసిన పిల్లల్ని ఒక పోలీసు ఆఫీసరు విడిపించిన వైనం పేపర్లో వస్తే, దాన్ని కథ చేశారు. ఆఖరి ఘట్టం ఆ రోజే పూర్తికావాలి. సాయంత్రం హీరో గారు విమానం ఎక్కితే మళ్లీ రెండు నెలల దాకా దొరకరు. చలపతిరావు పొద్దున్నుంచీ వాచీ చూసుకుంటూ గోళ్లు కొరుక్కుంటున్నాడు. కార్ఖానా సెట్టు సిద్ధం, పదహారుమంది పోలీసు వేషగాళ్లు సిద్ధం, ఏజెంటు బాలనర్సయ్య రహమత్ నగర్ నుంచి తెచ్చిన నలభైమంది పిల్లలు సిద్ధం. కానీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని రామయ్య గారు కూర్చున్నారు.

"నువ్వెవరి తాలూకురా? మీ అమ్మ ఏం చేస్తుంది? ఏం తిని వచ్చావు?"

"రామయ్య గారూ, మీకు దణ్ణం పెడతాను. పదిన్నరైంది!" అన్నాడు చలపతిరావు.

"ముప్ఫై తొమ్మిదయ్యాయి అల్లుడూ. ఒక్కటే ఉంది."

ఆ ఒక్కటీ ఎనిమిదేళ్ల పిల్ల. "నువ్వెవరి తాలూకమ్మా?" అంటే జవాబు చెప్పలేదు. గేటు అవతల నిలబడ్డ చారల చొక్కా మనిషి వైపు చూసి తల దించుకుంది.

"అది మాట్లాడది సార్, జర భయం," అన్నాడు బాలనర్సయ్య. "పొద్దుగాల ఒక పోరి తక్కువ వడ్డది. గాయిన ఈ పోరికి మేనమామనట. ఐదింటికి వచ్చి తోల్కపోతనన్నడు. ఫికర్ లేదు."

రామయ్య గారి మొహం వాడిపోయింది. వరస కలవకుండా ఒక మనిషి లోపలికి వెళ్లడం ఆయన సర్వీసులో అదే మొదలు.

లోపల మేకప్ అయిన పిల్లల వేళ్ల మీద కొలిమిలో కాలినట్టు వేసిన మచ్చలు చలపతిరావు వరసగా తనిఖీ చేశాడు. ఆ మాటలేని పిల్ల చేతులు చూసి మురిసిపోయి, "ఇదీ పనంటే! మిగతావాళ్లకీ ఇలా వెయ్యాల్సింది," అని మేకప్ మేన్ భుజం తట్టాడు. అతను ఎందుకు మెచ్చుకున్నారో తెలియకపోయినా నవ్వి నమస్కారం పెట్టాడు.

షాట్ మొదలైంది. హీరో తలుపు తన్నాడు. పోలీసులు లోపలికి దూకారు. పిల్లలు ఏడుస్తూ వాళ్లని కౌగిలించుకోవాలి. కానీ ముందున్న కానిస్టేబుల్ వేషం జంగయ్య వాళ్ల గల్లీవాడే కావడంతో ముప్ఫై తొమ్మిదిమందీ పకపకా నవ్వారు. నలభయ్యో పిల్ల కెవ్వుమని అరిచి బల్ల కిందికి దూరింది. డైరెక్టర్ అరిచాడు, హీరో బతిమాలాడు, ఎవరో బిస్కెట్టు చూపించారు. రాలేదు.

పన్నెండయింది. రామయ్య గారు పంచె ఎగ్గట్టి బల్ల కిందికి పాకారు. ఆయనది భారీ విగ్రహం. సగమే పట్టింది, మిగతా సగం యూనిట్ అంతటికీ దర్శనమిస్తూ బయటే ఉండిపోయింది. "నువ్వేం చెప్పక్కర్లేదమ్మా, నా సంగతి చెబుతా విను," అని లోపల్నుంచి గొంతు వినిపించింది. తన ఊరు, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి కాలవలో పడ్డ వైనం, ఇంట్లో పడ్డ దెబ్బలు... అరగంట సాగింది. చివరికి పిల్ల గొంతు సన్నగా వినబడింది.

"పోలీసోల్లు అట్టుకుపోతారని మావ సెప్పినాడు. అమ్మకి సెప్పనేదు. సినిమాల్లో ఏసం ఇప్పిత్తానని రైలెక్కించీసినాడు."

రామయ్య గారు వెనక్కి పాకుతూ వచ్చారు. చేతిలో మేకప్ తుడిచే తడిగుడ్డ ఉంది. "ఆ మచ్చలు చెరగడం లేదు అల్లుడూ," అన్నారు.

చలపతిరావుకి అప్పుడర్థమైంది. పొద్దున తాను మెచ్చుకున్నవి నిజంగా కాలిన మచ్చలు. పిల్ల చెప్పిన మిగతా సంగతులు రామయ్య గారు చెప్పారు. పేరు పైడితల్లి, విజయనగరం అవతలి పల్లె నుంచి వచ్చి నాలుగు నెలలుగా నిజం కార్ఖానాలో గాజులు అతికిస్తోంది. అక్కడ పనిలేని రోజున, మేనమామనని చెప్పుకునే ఆ చారల చొక్కావాడు దాన్ని కిరాయికి తిప్పుతున్నాడు. పిల్లల్ని విడిపించే సినిమా తీస్తూ తాము దాన్ని సాయంత్రం మళ్లీ వాడికే అప్పగించబోయారు. అతనికి సిగ్గుతో ఏడుపొచ్చింది.

ఆఫీసు నుంచి పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేశారు. "జీపు బందోబస్తుకి పోయింది, రాగానే పంపుతాం," అన్నారు. మూడయింది, నాలుగయింది. హీరో గారు వాచీ చూపించి వెళ్లిపోయారు. షాట్ పోయిందన్న బాధ చలపతిరావుకి తట్టనే లేదు. ఇప్పుడు అతను చూసే గడియారం వేరు. జీపు ముందొస్తుందా, చారల చొక్కా ముందొస్తుందా?

అయిదుకి పావుగంట ముందే చారల చొక్కా వచ్చింది.

"పిల్లని పంపండి సార్, టైమైంది."

రామయ్య గారు రెండు చేతులూ చాచి ఎదురెళ్లారు. "రండి రండి! ఇంతకీ తమరెవరి తాలూకండీ?"

"ఏ తాలూకైతే ఏంటండీ?"

"అలాగంటే ఎలా! మీరు పైడితల్లికి మేనమామైతే నాకు దగ్గరవాళ్లే. ఆ పిల్ల నాన్న నాకు పినతల్లి కొడుకు. పొద్దున వరస దొరక్క కొట్టుకుచచ్చాను, మధ్యాహ్నం కలిసింది. వాళ్లమ్మ పుట్టింటి పేరేంటి? మీదే కదా, చెప్పండి."

చారల చొక్కాకి చెమటలు పట్టాయి. వెనక్కి తిరిగాడు. వెనకాల వేషం విప్పని పదహారుమంది పోలీసులు టీ గ్లాసులతో నిలబడి ఉన్నారు.

"హెడ్డుగారూ, మా చుట్టం వచ్చాడు, కూర్చోబెట్టండి," అన్నారు రామయ్య గారు జంగయ్య వైపు తిరిగి.

పదకొండేళ్లలో జంగయ్యకి ఏ సినిమాలోనూ ఒక్క మాట ఇవ్వలేదు. గొంతు సవరించుకున్నాడు. "కూసో. యాడికి పోతవ్?"

వాడు కూర్చున్నాడు. అసలు జీపు వచ్చేదాకా, ముప్పావుగంట, కదిలితే ఒట్టు. వాడిచ్చిన ఆనవాళ్లతో ఆ రాత్రి కార్ఖానాలో ఇంకో ఆరుగురు పిల్లలు దొరికారు.

అందరూ వెళ్లాక చలపతిరావు అడిగాడు. "ఆ పిల్ల నాన్న నిజంగా మీ పినతల్లి కొడుకా?"

"మా అమ్మ ఒక్కతే కూతురయ్యా. నాకు పినతల్లి ఎక్కడిది?"

"మరి... నేను అల్లుడి వరసన్నారు?"

"రేకుపెట్టెతో ఒంటరిగా దిగావు. ఎవరూ లేనివాడంటే ఈ ఊళ్లో ఎవడైనా ఆడిస్తాడు. ఫలానావాడి తాలూకు అంటే కాస్త ఆలోచిస్తాడు. అంతేనయ్యా."

వేషాల కోసం వచ్చిన ఎంతమంది ఆడపిల్లల్ని ఆయన 'మా మేనకోడలు' అని అందరికీ వినబడేలా పిలిచారో చలపతిరావుకి అప్పుడు గుర్తొచ్చింది. ఏడేళ్లుగా ఆయన్ని చూసి నవ్వినందుకు మనసు చివుక్కుమంది. అంత ముద్దూ వచ్చారాయన.

వారానికి పైడితల్లి తల్లి బాలికల హోముకి వచ్చింది. పిల్లను కావలించుకుని తనివితీరా ఏడ్చింది. పక్కనున్న అధికారి రామయ్య గారిని చూపించి, "మీ ఆయనకి అన్నవరసట కదమ్మా, ఈయన వల్లే దొరికింది," అన్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"అన్నవేటి? ఇన్నేల్లు ఎక్కడికెళ్లిపోనావు బావూ? ఒక్కపాలైనా మా గడప తొక్కినావేటి? మా ఆయన పోయినప్పుడైనా నీకు రావాలనిపించనేదా?"

చలపతిరావు నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. రామయ్య గారు అతని కాలు తొక్కి, తల వంచుకుని చేతులు జోడించారు.

"తప్పేనమ్మా. షూటింగులు... సెలవు దొరకలేదు."