పళ్లెంలో రెండు, ముఖాన రెండు

ట్రాయ్ నుంచి షికాగో వెళ్లే రైల్లో నా పక్క సీటు ఆంటీది గుంటూరట. ఒక పోస్ట్‌కార్డును ముక్కుకు ఆనించుకుని చూస్తూ, చివరికి నా చేతికిచ్చింది.

"నాకు మసగ్గా ఉంది. ఏముందో చెప్పు బాబూ."

ఏదో చర్చి కోసం ఏడు వందల ఏళ్ల కిందట వేసిన బొమ్మ అని వెనక రాసుంది. ఒకావిడ పళ్లెం పట్టుకుని నిలబడింది. పళ్లెంలో రెండు కళ్ళు.

"మొక్కు తీర్చుకుంటోంది ఆంటీ. మా అమ్మమ్మ కూడా అమ్మవారికి వెండి కళ్ళు ఇచ్చింది."

"మొక్కు కాదయ్యా! ఆవిడ పునీత లూసీ. అవి ఆవిడ సొంత కళ్ళు. క్రీస్తుని వదలనందుకు పీకేశారు."

"మరి మొహమ్మీద కూడా రెండున్నాయిగా?"

"దేవుడు మళ్లీ ఇచ్చాడు."

"అంటే బ్యాకప్."

ఆంటీ పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, రేపు తన కుడి కన్ను తీసేస్తున్నారని, ఎడమదైనా నిలవాలంటే తప్పదన్నారని చెప్పింది.

"ఆ మొహమ్మీది కళ్ళు ఎటు చూస్తున్నాయి? పళ్లెంలోకా?"

మళ్లీ చూశాను. "లేదాంటీ. పళ్లెం సంగతే పట్టనట్టుంది. నేరుగా మన వైపే చూస్తోంది."

"అయితే సరే" అని కార్డును బ్యాగులో పెట్టేసుకుంది.

ఆపరేషన్ ఎలా జరిగిందో నాకు తెలియదు. భక్తి కూడా ఏమీ పుట్టలేదు. కళ్ళజోడు తీసినప్పుడు మాత్రం ఇదివరకటిలా బల్ల మీదికి విసరడం లేదు. అద్దాల మీద గీతలు పడతాయని.