లోవలో డబ్బా మోగని రోజు

జ్యేష్ఠ మాసం, గురువారం, తెల్లవారి ఐదున్నర గంటలకి మా తమ్ముణ్ని లోవలో ఎలుగుబంటి చంపింది. వేళ అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, గజపతినగరం వెళ్లే మొదటి బస్సు మా మలుపులో హారన్ కొట్టినప్పుడే లోవ వైపునుంచి ఒక కేక వినబడిందని, బస్సు కోసం నిలబడ్డవాళ్లు చెప్పారు. నాలుగేళ్లయింది. ఇవాళ పొద్దున్న మా వంటింటి పెంకుల మీద నెమలి ఒకటి దిగి, రెండు పెంకులు కిందకి జార్చి, తన సొంత ఇల్లయినట్టు అటూ ఇటూ తిరిగింది. వీధిలో పిల్లలు ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకున్నారు. నేను చీపురు విసిరాను. విసిరి లోపలికొచ్చి కూర్చున్నాక చేతులు ఊరుకోలేదు, ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, తమ్ముడి కూతురు పలక మీద దిద్దించింది. ఒత్తులు తప్పితే మీరే సరిచేసుకుని చదవండి.

లోవ అంటే రెండు కొండల నడుమ పల్లం. మా ఊరు దాని మూతి దగ్గర ఉంది. చుట్టూ గరువు భూములు, అంటే వాన పడితేనే పండే ఎర్ర మెట్టలు. గంటెలు, చోళ్లు, మీరు సజ్జలు, రాగులు అనేవి, ఆపైన నువ్వులు, తరవాత రోజుల్లో వేరుశనగ. నా చిన్నతనంలో ఆ లోవలో నేరేళ్లు, ఈతచెట్లు, పాలచెట్లు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు ఉండేవి, మధ్యాహ్నం కూడా లోపల చల్లగా ఉండేది, కొండలనుంచి పారే గెడ్డలో నీళ్లు వేసవిలో సన్నబడేవే గాని ఆగేవి కావు. మన ఈడు వాళ్లకి ఇలాంటి చోటు ఒకటి ఉండే ఉంటుంది, నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. అది ఎలా పోయిందని అడిగితే మా ఊళ్లో పెద్దలు, ఎవరో కంట్రాక్టరు వచ్చి కొట్టేశాడని చెబుతారు. అబద్ధం. మేమే కొట్టాం. ఆడవాళ్లం తెల్లారకముందే కత్తులు పట్టుకుని వెళ్లి, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని గజపతినగరం వీధుల్లో అమ్ముకుని ఉప్పూ మిరపకాయలూ తెచ్చుకున్నాం. తిండి కోసం కొట్టాం, అందుకు నేను ఏడవను. కాని మేమే కొట్టాం.

చెట్లు పోయాక మన్ను జారింది. ఒక్కొక్క వానకి కొండ మీది ఎర్ర మన్ను దిగివచ్చి గెడ్డని పూడ్చింది, దిగువ గరువుల్లో రాళ్లు మిగిలాయి. మాఘం దాటితే ఊరి నూతిలో అడుగు కనబడేది. బిందెలు పట్టుకుని పక్క ఊరికి నడిచేవాళ్లం, అక్కడి ఆడవాళ్లు మమ్మల్ని దూరంనుంచే చూసి, "అదిగో, కరువూరోళ్లు వస్తన్నారు, మీ సేదలు దాసుకోండే" అని మాకు వినబడేలాగే అనేవారు. మా మరదలు, అంటే తమ్ముడి పెళ్లాం, కాపరానికి వచ్చిన వారంలోనే ఆ మాట పడింది. పారాణి ఆరని కాళ్లతో రెండు ఊళ్ల మధ్య నడిచి, ఇంటికొచ్చి, బిందె దింపి, మొగుడి వైపు చూసింది. ఏమీ అనలేదు. అనుంటే వాడు మరిచిపోయేవాడు.

తమ్ముడు చెట్లు నాటలేదు. నాటితే బతకవని వాడికి తెలుసు. మొద్దులు మిగిలి ఉన్నాయి కదా, వాటిని కొట్టకుండా, మేకలు కొరక్కుండా వదిలేస్తే చాలు, అవే లేస్తాయన్నాడు. వాన నీళ్లు దిగే చాళ్లకి అడ్డంగా రాళ్లు పేర్చాడు. లోవ మూతికి ముళ్లకంప అడ్డం వేశాడు. మేకలున్న ఇళ్ల వాళ్లు తిట్టారు, రెండుసార్లు కంప పీకి పారేశారు, మళ్లీ వేశాడు. మొదట్లో ఒక్కడే, తరవాత నీళ్ల ఆశతో మరి కొందరు వెళ్లారు, నేనూ వెళ్లాను, రాళ్లు మోశాను. చూస్తుండగానే మొద్దులకి చిగుళ్లు వచ్చాయి. కొన్నేళ్లకి కుందేళ్లు కనిపించాయి, కౌజుపిట్టలు కూశాయి, ఒక వైశాఖంలో నూతిలో నీళ్లు నిలబడ్డాయి. ఆ వేసవి మా మరదలు పక్క ఊరి దారి తొక్కలేదు. తెల్లారగానే నూతి గట్టు మీద నిలబడి, అవసరం లేకపోయినా, నాలుగు బిందెలు తోడి అరుగు మీద వరసగా పెట్టుకునేది.

తరవాత వచ్చినవి మేము పిలవనివి. పందులు దిగి వేరుశనగ తవ్వేశాయి. మా మేనమామ కొడుకు, నాకు బావ, అతని చేను లోవకి ఆనుకునే ఉంది. రెండు పంటలు పోయాయి. పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి, "మీ తమ్ముడు అడివి పెంచుతన్నాడా, నా సేలో పందుల్ని పెంచుతన్నాడా, ఏటే, అడిగి సెప్పు" అని నన్ను నిలదీసేవాడు. అతని మాటలో తప్పు లేదు. ఆ వెనక ఎలుగు వచ్చింది. ఇసకలో దాని అడుగు చూసి ఊరంతా తలుపులు వేసుకుంటే, మా తమ్ముడు మాత్రం దూరంనుంచి చుట్టం వచ్చినట్టు మొహం వెలిగించుకుని తిరిగాడు. నాకు ఒళ్లు మండింది.

కాని జాగ్రత్త తెలియనివాడు కాదు. ఎలుగుకి మనమంటే పగ లేదు, మనిషి ఉన్నట్టుండి ఎదురుపడితేనే మీద పడుతుంది. అందుకని లోవ మూతి దగ్గర చింతకొమ్మకి పాత నూనె డబ్బా ఒకటి వేలాడదీసి, కర్ర ఒకటి కట్టాడు. లోపలికి వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, నేరేడు పళ్లకైనా పుల్లలకైనా, ముందు డబ్బా గట్టిగా వాయించి, కాసేపు ఆగి, మాట్లాడుకుంటూ వెళ్లాలి. అది ఊరికి అలవాటైపోయింది. కొన్నేళ్లపాటు ఎవరికీ గోటి గీత పడలేదు.

ఆ జ్యేష్ఠంలో దారి పక్కనే పొదలో నెమలి గుడ్లు పెట్టింది. లోవలో నెమలి పొదగడం అదే మొదలు. డబ్బా మోగినప్పుడల్లా అది గుడ్లు వదిలి లేచిపోతోందని తమ్ముడు కనిపెట్టాడు. డబ్బా విప్పి ఇంటికి తెచ్చేశాడు. పిల్లలు అయ్యేదాకా ఆ దారిన ఎవరూ వెళ్లొద్దని, పళ్లు కావాలంటే కొండ అవతలినుంచి చుట్టి వెళ్లమని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఊరు నవ్వింది. మా మరదలు మరీ నవ్వింది. "నా పురుళ్లకి ఇంటికాడ ఉండనోడు, నెమలి పురుడికి కాపలా కాస్తన్నాడు వొదినా" అని నూతి దగ్గర అందరి ముందూ అంటే, వాడు కూడా నవ్వుతూ, "నీకు మీ యమ్మ ఉన్నాది, దానికెవులున్నారే" అన్నాడు.

అందరినీ వెళ్లొద్దన్నవాడు తను మాత్రం రోజూ తెల్లవారి వెళ్లి చూసి వచ్చేవాడు. చెప్పుల చప్పుడు కూడా కాకూడదని ఒట్టి కాళ్లతో వెళ్లేవాడు. ఆ గురువారం నేరేడు చెట్టు కింద పిల్లతో ఉన్న ఎలుగు దారి మలుపులో ఎదురైంది. మా చిన్నాన్న కొడుకు కేక విని పరిగెత్తి వెళ్లేసరికి అంతా అయిపోయింది. నన్ను ముఖం చూడనివ్వలేదు, కండువా కప్పేశారు. శవాన్ని మోసుకు రావడానికి వెళ్లిన జనం తొక్కిడిలో ఆ గుడ్లు చితికిపోయాయి. ఎవరి కాలి కింద పడ్డాయో ఎవరూ చూడలేదు.

శవాన్ని పరీక్షకి విజయనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. సాయంత్రం నాలుగింటికి మా బావ, బండిలోంచి తీసిన పెట్రోలు సీసాతో, వెనక మరి కొంతమందితో వాకిట్లోకి వచ్చాడు. పడమటి గాలి ఎత్తుకుంది, గడ్డి ఎండి ఉంది, ఒక్క అగ్గిపుల్ల చాలు. ఊరికే వెళ్లి కాల్చెయ్యొచ్చు, కాని తమ్ముడు పెంచిన లోవ కనక ఇంటివాళ్ల మాట కోసం వచ్చారు. నన్నడిగితే కాల్చమనేదాన్నే. ఇప్పటికీ అదే చెబుతాను. నన్ను అడగలేదు. మా మరదల్ని అడిగారు. పొద్దుటినుంచి ఆవిడ గుమ్మంలో కూర్చునే ఉంది, కంట నీరు రాలేదు.

"సెల్లీ, నీ నోటితో సెప్పు. ఒక మాటనేయ్, మొత్తం కాల్సేస్తాం" అన్నాడు బావ.

ఆవిడ అతని చేతిలో సీసా వైపు చూసింది. తరవాత, "కాల్సండన్నా. కాల్సినాక రేపట్నుంచి నీళ్లకి ఏ వూరెళ్లాలో అదీ సెప్పి కాల్సండి. నేను మాత్రం మళ్లీ బిందె పట్టుకోని ఆ దారి నడవనేను. ఇక్కడే పడి సస్తాను" అంది.

"నీ మొగుణ్ని తినేసినాది సెల్లీ అది."

"తెలుసు. నాకు సెప్పకు."

బావ సీసా మూత బిగించి, అరుగు మీద కూలబడి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. చేను పోయినప్పుడు కూడా అతను ఏడవడం నేను చూడలేదు.

లోవ అలాగే ఉంది. ఇంకా దట్టమైంది. నూతికి మోటారు పెట్టారు, వీధిలో కొళాయిలు వచ్చాయి, జ్యేష్ఠంలో కూడా నీళ్లు వస్తాయి. మేము చిన్నప్పుడు ఆకలేస్తే లోవలోకి పరిగెత్తేవాళ్లం. ఇప్పటి పిల్లలకి అందులో ఏ చెట్టు ఎక్కడుందో తెలియదు, నేరేడు పళ్లు బజారులో కొనుక్కుంటారు. ఎండాకాలం పళ్లు రాలి కుళ్లిన వాసన గాలికి ఊళ్లోకి వస్తుంది, ఎవరూ వెళ్లరు. మా మరదలు కొళాయి తిప్పి బిందె నిండేదాకా కొండకి వీపు పెట్టి నిలబడుతుంది. నేనూ ఆ నీళ్లే తాగుతున్నాను. బాగానే ఉంటాయి.

ఆ సాయంత్రం ఆ వాకిట్లో ఉన్నవాళ్లు: గుమ్మంలో మా మరదలు. ఆవిడ వెనక, తలుపు పట్టుకుని తమ్ముడి కూతురు. గోడకి ఆనుకుని మా చిన్నాన్న కొడుకు, చొక్కా మీద రక్తం ఇంకా కడుక్కోలేదు. అరుగు మీద బావ. అతను కిందటేడు పోయాడు. అతని వెనక వచ్చినవాళ్లలో ఇద్దరు అతని కొడుకులు, ఒకడు మేకలాయన, ఒకప్పుడు కంప పీకింది ఆయనే. పొయ్యి దగ్గర ఎవరూ లేరు. నేను స్తంభం దగ్గర నిలబడి ఉన్నాను. మా తమ్ముడు ఆరు దాటాక, ఆసుపత్రి వ్యానులో వచ్చాడు.