నాలుగో బల్ల రాసిన స్వాగతం

నలభై ఒక్క ఏళ్ళు చుట్టలు చుట్టిన మా తాతయ్య ఒక్క చుట్టనూ చివరిదాకా కాల్చి ఎరగడు. పనిలో చేరిన తొలిరోజు మేస్త్రి తన చేతిలోది ఇచ్చి, రుచి తెలియనివాడికి పని పట్టుబడదన్నాడట. తాతయ్య రెండు దమ్ములు లాగాడు. మూడోది లాగబోయి మేస్త్రి కొత్త చెప్పుల మీద వాంతి చేసుకున్నాడు. ఆ తర్వాత మేస్త్రి ఆయనకు రెండు బారల దూరంలో నిలబడే పని నేర్పాడు. అంత దూరం నుంచి నేర్చుకున్నా, ఆ కార్ఖానాలో ఆయనంత చెయ్యి తిరిగినవాడు లేడని అందరూ చెబుతారు. అందరూ అంటే, ముఖ్యంగా తాతయ్య.

ఆయనది కిటికీ పక్కన నాలుగో బల్ల. సాయంత్రం పని వదిలేటప్పుడు ఒక్కొక్కరికి రెండేసి చుట్టలు ఇచ్చేవారు. తాతయ్య తన రెండూ గేటు దగ్గర వాచ్‌మన్ జేబులో పెట్టి ఇంటికి వచ్చేవాడు. అందుకే మేనేజరుకు కూడా తీయనంత వెడల్పుగా ఆ వాచ్‌మన్ ఆయనకు గేటు తీసేవాడు. చుట్టేవాడు కాల్చడా అని అక్కడ ఎవరూ అడగలేదు. చెయ్యి ఆడుతోందా లేదా, అంతే చూసేవారు.

తర్వాత యంత్రం వచ్చింది. బల్లలన్నీ గోడకు చేరాయి. తాతయ్య ఇంటికి వచ్చాడు గానీ, ఆయన చేతులు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. కుర్చీలో కూర్చుంటే చాలు, అందిన కాగితాన్నల్లా చుట్టేసేవి. బస్సు టిక్కెట్లు, మందుల చీటీలు, ఒకసారి కరెంటు బిల్లు. ఆ బిల్లు విప్పడానికి కౌంటరు మనిషికి పది నిమిషాలు పట్టిందనీ, వెనక నిలబడ్డవాళ్ళంతా తననే తిట్టారనీ అమ్మమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ చేతులకు మళ్ళీ పని దొరికింది ఫోనులో. సిగార్లంటే పడిచచ్చేవాళ్ళు ఆన్‌లైన్లో పెట్టుకున్న బృందం ఒకటుంది. ఏడు వేలమంది సభ్యులు. అసలు పేర్లు ఎవరూ చెప్పరు. ఖరీదైన చుట్టలు కొని, వాటికి చెక్క పెట్టెలు కొని, ఆ పెట్టెల్లో తేమ కొలిచే మీటర్లు కొని, తీరా వెలిగించాక అది ఒక పక్కనే ఎందుకు కాలుతోందో తెలియక తల పట్టుకునేవాళ్ళు. తాతయ్య ‘నాలుగో బల్ల’ అనే పేరుతో అందులో చేరి, ఒంటివేలితో జవాబులు కొట్టడం మొదలుపెట్టాడు. పొగ రావడం లేదంటే లోపలి ఆకు మెలిపడిందని, వేడెక్కిపోతోందంటే వదులుగా కూరారని, ఫోటో చూసి చెప్పేసేవాడు.

అడిగినా అడగకపోయినా చెప్పే పాఠం ఒకటుండేది. ఆకుకు నడి ఈనె తీసేస్తే రెండు సగాలొస్తాయి. చుట్ట పైన చుట్టే ఆకు ఎడమ సగమైతే ఒక వైపుకి తిప్పాలి, కుడి సగమైతే రెండో వైపుకి. అప్పుడే ఈనెలు చుట్ట పొడవునా తిన్నగా సాగుతాయి. తారుమారు చేస్తే ఈనెలు అడ్డం తిరిగి, కాలేటప్పుడు అంచు లేస్తుంది. ఇది ఆయన ఆరేళ్ళలో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అమ్మమ్మకు కూడా వచ్చేసింది. బృందంలో అందరూ ఆయన్ని గురువుగారూ అనేవారు.

“ఏడు వేలమంది గురువుగారూ అంటే పలుకుతారు. బల్బు మార్చమని నేనొక్కదాన్ని అరిస్తే వినపడదు,” అనేది అమ్మమ్మ.

బృందాన్ని నడిపే మోడరేటర్‌ను అందరూ కెప్టెన్ అనేవారు. ఓడల్లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. తగువులు తీర్చడం, బూతులు తుడవడం, మాట వినని సభ్యుణ్ణి బయటికి పంపడం ఆయన పని. కళ్ళకు ఆపరేషన్ అయ్యాక ఇక తన వల్ల కాదన్నాడు. కొత్త మోడరేటర్ ఎవరన్న గుసగుస మొదలవగానే, సగంమంది ‘ఇంకెవరు, గురువుగారే’ అని రాశారు. తాతయ్య అవన్నీ చదివి, చదవనట్టు ముఖం పెట్టుకుని తిరిగాడు. ఆ ముఖం పెట్టడం ఆయనకు చేతకాదు. చెవుల దాకా నవ్వు ఉంటుంది.

ఒక రోజు కెప్టెన్ నేరుగా ఫోన్ చేశాడు. ఆరేళ్ళలో మొదటిసారి గొంతులు కలిశాయి. ఆరోగ్యం, వయసు, కార్ఖానా కబుర్లు అయ్యాక, ఇంతకీ మీకు ఏది ఇష్టం, ఒక్కసారీ చెప్పలేదేమని అడిగాడు.

“నేను కాల్చను బాబూ, చుట్టేవాణ్ణి,” అన్నాడు తాతయ్య.

కెప్టెన్ ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాడు. తాతయ్య దాన్ని గౌరవం అనుకున్నాడు. ఫోన్ పెట్టేశాక, కెప్టెన్ తన మాట మళ్ళీ చెప్పించుకుని విన్నాడని అమ్మమ్మకు రెండుసార్లు చెప్పాడు.

రెండు రోజులకు కెప్టెన్ నుంచి సందేశం వచ్చింది. కొత్త మోడరేటర్‌కి స్వాగతం మీరే రాయాలి, వచ్చే మనిషి మీకు బాగా తెలిసినవాడే అని. ఆ బృందంలో ఒక పద్ధతి ఉంది. స్వాగతం రాసే పాత సభ్యుడికి వచ్చేది ఎవరో చెప్పరు. చెబితే మనిషిని పొగుడుతారనీ, చెప్పకపోతే పనికి ఎలాంటివాడు కావాలో రాస్తారనీ కెప్టెన్ నమ్మకం. తాతయ్యకు అనుమానమే లేదు. తనకు అందరికంటే బాగా తెలిసిన మనిషి తనే కదా. నా స్వాగతం నాతోనే రాయిస్తున్నాడు, ఓడలవాడి సరసం ఇలాగే ఉంటుందన్నాడు.

నాలుగు రోజులు రాశాడు. చివరికి అమ్మమ్మ బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా నిలబడి చదివి వినిపించాడు. ఆకును వేలితో తడిమి అది ఏ సగమో చెప్పగలవాడు రావాలి. తెలియనివాణ్ణి చూసి నవ్వనివాడు రావాలి. ఒకే ప్రశ్న వందోసారి అడిగినా, మొదటిసారి విన్నట్టు జవాబు చెప్పేవాడు రావాలి. అలాంటివాడికి ఈ బల్ల దగ్గర చోటు ఎప్పుడూ ఉంటుంది, స్వాగతం.

“అంతా మీ గురించేగా. కింద ఫోటో కూడా అంటించేయండి,” అంది అమ్మమ్మ.

“పని గురించి రాశానే. ఆ పని నాకొచ్చు. దానికి నేనేం చెయ్యను?”

ఆదివారం పదింటికి ప్రకటన. తాతయ్య తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫోను ముందు కూర్చున్నాడు, అది తనను చూస్తుందన్నట్టు. పదీ రెండుకు తెర మీద ఒక కుర్రాడి ఫోటో పడింది. ‘వెండి లైటర్’ అనే పేరుగలవాడు. రెండేళ్ళ క్రితం చుట్టను ఏ చివర కోయాలో తెలియక రెండు చివరలూ కోసుకుని, ఎందుకు విడిపోతోందని ఏడుస్తూ వచ్చినవాడు. ఆకు సగాల పాఠం తాతయ్య చేత పదిసార్లు చెప్పించుకున్న శిష్యుడు. వాడి ఫోటో కింద తాతయ్య స్వాగతం. దాని కింద నాలుగు వందల మెచ్చుకోళ్ళు. గురువుగారు వెండి లైటర్ గురించి ఎంత బాగా రాశారో, అచ్చం అతనే అని.

తాతయ్య ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కానికి తగిలించాడు. మధ్యాహ్నం కెప్టెన్ సంజాయిషీ వచ్చింది. ముందు మిమ్మల్నే అనుకున్నాం, కాల్చనివాడు కాల్చేవాళ్ళకు పెద్ద ఎలా అవుతాడని మిగతా పాత సభ్యులు అన్నారు, నేను కాదనలేకపోయాను అని. అంటే ఫోనులో విన్న మాట ఆ పూటే నలుగురికీ పంచాడన్నమాట.

మర్నాడు కొత్త మోడరేటర్ కొత్త రూలు పెట్టాడు. సలహాలు ఇచ్చే ప్రతి సభ్యుడూ తాను కాలుస్తున్న చుట్టను, దాని కొసన బూడిదతో సహా, శుక్రవారంలోగా ఫోటో తీసి పెట్టాలి. పెట్టనివారి సభ్యత్వం రద్దు. ఉత్తుత్తి పండితులు ఎక్కువైపోయారట. తాతయ్యకు విడిగా కూడా ఒక ముక్క రాశాడు, ఎంతో మర్యాదగా. ‘మీ మీద కాదు గురువుగారూ. రూలంటే అందరికీ ఒకటే కదా. ఒక్కటి కాల్చండి, చాలు.’

మూడు రోజులు తాతయ్య ఎవరికీ జవాబు చెప్పలేదు. పొగ రావడం లేదని ఎవరో అడిగారు. ఇంకెవరో తప్పు చెబుతున్నారు. ఆయన చూస్తూ కూర్చుని, మందుల చీటీ చుట్టాడు.

“పోతే పోయారు ఏడు వేలమంది. నేను లేనా?” అంది అమ్మమ్మ.

“నువ్వు అడగవుగా.”

“ఏమడగాలి?”

“ఆకు గురించి.”

అమ్మమ్మ ఆయన చుట్టిన మందుల చీటీ విప్పి, సాపు చేసి, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టింది.

గురువారం పొద్దున తాతయ్య అటక మీది రేకు డబ్బా దించాడు. పని మానేసిన రోజు దాచుకున్న ఆకులు. చాలావరకు పొడైపోయాయి. పైన చుట్టడానికి పనికొచ్చే సగం ఒక్కటే మిగిలింది. దాన్ని తడిగుడ్డలో పెట్టి మెత్తబరిచాడు. వంటింటి బల్ల తుడిచాడు. చుట్టాడు. మనసంతా దాన్ని వెలిగించడం మీదే ఉంది, ఆకు వైపు చూడకుండానే చేతులు వాటి దారిన అవి పోయాయి.

పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని వెలిగించాడు. మొదటి దమ్ముకు కళ్ళ నీళ్ళొచ్చాయి. నాలుగో దమ్ముకు గోడ పట్టుకున్నాడు. బూడిద అంగుళం పెరిగేదాకా ఆపలేదు. ఒక చేత్తో చుట్ట పట్టుకుని, రెండో చేత్తో ఫోటో తీసి, అది సరిగా వచ్చిందో లేదో చూసుకుని, అప్పుడు వాంతి చేసుకున్నాడు. ఈసారి చెప్పులు ఆయనవే. అమ్మమ్మ నీళ్ళు పోసి కడిగింది.

ఫోటో పెట్టిన పావుగంటకు మోడరేటర్ వచ్చాడు. మిమ్మల్ని ఇలా చూడటం సంతోషమన్నాడు, సభ్యత్వం భద్రమన్నాడు. కింద ఇంకో వాక్యం రాశాడు.

‘కానీ గురువుగారూ, ఈ చుట్ట ఎక్కడ కొన్నారు? ఈనెలు అడ్డం తిరిగాయి, అంచు లేచింది. ఎడమ సగాన్ని కుడి సగంలా చుట్టారు. చుట్టడం రానివాడెవడో మీకు అంటగట్టాడు.’

తాతయ్య ఆరిపోయిన చుట్టను వెలుగులోకి తెచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అమ్మమ్మ కూడా భుజం మీద నుంచి వంగి చూసింది. ఆవిడకు కూడా తెలిసిపోయింది, ఆ పాఠం అంత వచ్చు కాబట్టి.

“వాడికి ఎంత పొగరో,” అంది, ఏదో ఒకటి అనాలి కనక.

“లేదే. సరిగ్గా చెప్పాడు.”

ఒంటివేలితో నెమ్మదిగా కొట్టాడు. ‘నిజమే. ఎడమ సగం. స్వాగతం బాబూ.’ అది పంపించి, బృందం నుంచి బయటికి వచ్చే మీట నొక్కాడు. నిజంగా బయటికి వెళ్తారా అని ఫోను అడిగింది. దానికి కూడా ఔననే చెప్పాడు.

తర్వాత వంటింట్లోకి వెళ్ళి, చుట్ట పైఆకును తడివేలితో మెల్లగా విప్పి, బల్ల మీద పరిచి, అరచేత్తో సాపు చేశాడు. మధ్యాహ్నం అన్నం పెట్టడానికి అమ్మమ్మ పిలిచినప్పుడు కూడా దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తూనే ఉన్నాడు.