కార్డు తీసేసిన మధ్యాహ్నం

శంషాబాద్‌లో మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మకు ఒక్కతే కూతురు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాది చదివేది. పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ పోతే ఆ పిల్ల తిన్నగా మేడ మీదికి, నా దగ్గరికి తెచ్చింది. ఎయిర్‌పోర్టు కార్గోలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నాది. నా గోదావరి మాటను వెక్కిరించడంలో తల్లీకూతుళ్లిద్దరూ ఇద్దరే. నా చేతి పని మీద మాత్రం వాళ్లకు గురి ఎక్కువ.

కాలేజీకి ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి, కొత్త డిస్క్ వచ్చేదాకా ఆగే తీరిక లేదు. అందుకని ఫోన్లో వేసుకునే మెమరీ కార్డులోకే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఎక్కించి, లాప్‌టాప్ పక్కనుండే సందులో దోపాను. ఆన్ చేశాక టీ కాచుకొచ్చేంత సేపటికి గానీ తెర వెలిగేది కాదు. పిండి కొద్దీ రొట్టె అని సర్దుకున్నాం. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి చార్జర్ పెట్టే ఉంచాలి. దాని పిన్ను వదులు, కాస్త కదిలినా లాప్‌టాప్ ఆరిపోతుంది. ఈ జాగ్రత్తలన్నీ పిల్లకు చెప్పాను. కార్డు తియ్యకూడదని తల్లికి చెప్పాలని మాత్రం తోచలేదు. ఆ ఇంట్లో లాప్‌టాప్ జోలికి పోని మనిషి ఆవిడే అనుకున్నాను.

రిపోర్టు ఇవ్వాల్సిన రోజుకు ముందురోజు ఆదివారం. కందుకూరు నుంచి ఓనరమ్మ అన్నావదినలు వచ్చారు. ఆ ఇంట్లో చుట్టాలకు టీ కంటే ముందు టీవీలో పెళ్లి వీడియో పెట్టడం మర్యాద. ఎవరి పెళ్లయినా సరే, వీడియో ఒక మెమరీ కార్డులో వేయించుకుని దాచుకుంటారు. ఆ మధ్యాహ్నం ఆ కార్డు కనబడలేదు. పిల్ల అన్నానికి లేచింది. ఓనరమ్మకు లాప్‌టాప్ పక్క నుంచి తొంగిచూస్తున్న కార్డు కనబడింది. దొరికిందే అనుకుని లాగి టీవీకి పెట్టింది. టీవీకి అందులోది ఏమీ తెలియక, మొత్తం చెరిపెయ్యమంటారా అని ఇంగ్లీషులో అడిగింది. ఆవిడ ఓకే నొక్కింది.

పిల్ల పెట్టిన కేకకు నేను మెట్లు దిగి పరిగెత్తాను.

“పెండ్లి వీడియోది అనుకున్న బిడ్డా. టీవీ ఏందో అడిగింది, ఓకే ఒత్తిన” అంటోంది తల్లి.

“నీకేం తెల్వదు, ఏది ముట్టకు అని ఎన్నిసార్లు చెప్పిన! పది దినాల పని పోయింది. ఇగ నాతోని మాట్లాడకు!”

పది రోజుల కిందటి కాపీ ఒకటి మెయిల్‌లో ఉంది. ఆ తర్వాత టమాటా రైతుల గట్ల మీద కూర్చుని అడిగి రాసుకొచ్చిందంతా ఆ కార్డులోనే ఉండింది. మర్నాడు పదింటికి ఇవ్వకపోతే పిల్ల డిగ్రీ ఇంకో ఆర్నెల్లు వెనక్కి పోతుంది. ఆఫీసుకు పట్టుకెళ్లి తంటాలు పడితే కార్డులోది కొంత తిరిగొచ్చేదేమో గానీ, పదింటిలోగా కాదు. నాకు నా మీదే ఒళ్లు మండింది. రోజూ ఇంకోచోట కాపీ పెట్టుకోమని చెప్పాల్సింది నేనే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే తెలివి నాది.

అప్పుడు చూశాను, తెర మీద రిపోర్టు ఇంకా అలాగే ఉంది. కార్డు పోయినా, అప్పటికే తెరిచి ఉన్నదాన్ని లాప్‌టాప్ కరెంటున్నంతసేపూ గుర్తు పెట్టుకుంటుంది. కొత్తగా ఏది అడిగినా కార్డు కోసం వెతుక్కుని బిగుసుకుపోతుంది. సేవ్ చెయ్యమని అడిగినా అంతే.

“ఇంకేమీ నొక్కకమ్మా. కిందికి జరిపే బాణం ఒక్కటే నొక్కు. పేజీ పేజీకీ ఫోన్లో ఫోటో తీద్దాం, రేపటిలోగా మళ్లీ టైపు చేసుకోవచ్చు. పిన్ను కదిలిందా, ఇక అంతే” అన్నాను.

నా మాట పూర్తి కాకముందే ఓనరమ్మ నేల మీద కూలబడి, పిన్నును రెండు వేళ్లతో అదిమి పట్టుకుంది.

నలభై ఎనిమిది పేజీలు. బాణం నొక్కిన ప్రతిసారీ తెర ఆలోచించి ఆలోచించి కదిలేది. విమానం దిగి కిటికీ అద్దాలు గలగలమన్నప్పుడల్లా ఓనరమ్మ రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టేది. వదిన టీ సంగతి అడగబోయి, ఈవిడ మొహం చూసి తనే వంటింట్లోకి పోయింది. కాసేపు నేను పట్టుకుంటానక్కా అన్నాను.

“వద్దు చెల్లె. నేనే పట్టుకుంట.”

ముప్పై ఒకటో పేజీ దగ్గర తెర కదలడం మానేసింది. ఓనరమ్మ కళ్లు మూసుకుని యాదగిరి నర్సన్నకు మొక్కుకుంది, పిన్ను వదలకుండానే. చాలాసేపటికి ముప్పై రెండు వచ్చింది. పిల్ల పేజీ నంబర్లు నాకే చెబుతోంది, తల్లి వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఆ పిల్లను చూస్తే జాలేసింది. కింద కూర్చున్న మనిషిని చూస్తే ఏడుపొచ్చింది.

చివరి పేజీ ఫోటో కూడా తీశాక పిల్ల ఫోన్లో మొదటి నుంచీ అన్నీ చూసుకుంది.

“అన్ని మంచిగనే వచ్చినయ్ ఆంటీ.”

“ఇక వదిలెయ్ అక్కా” అన్నాను. ఆవిడ వదల్లేదు. వినబడలేదేమోనని మళ్లీ అన్నాను. ఆవిడ నా వైపు చూడటం లేదు, కూతురి వైపు చూస్తోంది.

“అమ్మా” అంది పిల్ల చివరికి. “అయిపోయింది. ఇగ ఇడువు.”

“మాట్లాడినవ్ గదా బిడ్డా. ఇడుస్త” అంది ఆవిడ. కానీ వేళ్లు కొయ్యబారిపోయి రాలేదు. పిల్ల నేల మీద పక్కనే కూర్చుని, ఒక్కో వేలూ తనే విప్పింది. పిన్ను జారి లాప్‌టాప్ ఆరిపోయింది. ఇద్దరూ అటు చూడలేదు.