బుధవారం ఐసు

చేపల కొట్టు ముందు కరుగుతున్న ఐసు వాసన తగిలితే చాలు, నాకొక ఇతిహాసం గుర్తుకొస్తుంది. అందులో వీరనారి ఉంది, మహాయుద్ధం ఉంది, దివ్యాయుధం కూడా ఉంది. నిజం చెప్పాలంటే అంత లేదు. వీరనారి రాయగడలో ఒక ఆసుపత్రి వెనకగదిలో కూర్చునే సరోజిని మేడమ్. యుద్ధం మా అక్కకీ మా అక్కకీ మధ్య. ఆయుధం ఒక బేసిన్.

మాది రాయగడ బజారులో పప్పుల కొట్టు. అప్పటికింకా అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు రాలేదు. అక్క కుమారికి ఇరవై రెండేళ్లు. చిన్న మాటకే పెద్ద దుఃఖం పొంగేది దానికి, పొంగితే ఒళ్లు కాలినట్టే. రెండుసార్లు చావబోయి బతికింది. నాన్న బోరిగుమ్మ నుంచి ఎవరినో రప్పించి తాయెత్తు కట్టించారు. అమ్మ ముడుపులు కట్టింది. నేను జోకులు వేశాను. ఆ ఇంట్లో ఎవరికొచ్చిన వైద్యం వాళ్లం చేశాం.

మేడమ్‌ది పార్వతీపురం. విశాఖలో శిక్షణకు వెళ్లి నేర్చుకొచ్చిన వైద్యం పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ. నాన్నకు నోరు తిరగక మేడమ్ గారి క్లాసు అనేవారు. క్లాసే మరి. దుఃఖం పొంగినప్పుడు ఆ కాసేపూ ప్రాణం నిలుపుకోవడమెలాగో లెక్కల పాఠంలా చెప్పేవారు. రోజూ దుఃఖానికింత, కోపానికింత అని కార్డు మీద సున్నా నుంచి ఐదు దాకా అంకె వేయాలి. మొదటి వారం అక్క దుఃఖానికి ఏడు రోజులూ ఐదే వేసింది. నాన్న కార్డు చూసి, పిల్లకి అన్నీ ఫుల్ మార్కులేనని సంతోషించారు. అక్క నవ్వింది. ఆ ఏడాది అది నవ్వడం నాకు గుర్తున్నంతలో అదొక్కసారే.

భరించలేనప్పుడు ఐసునీళ్లలో ముఖం ముంచమన్నారు మేడమ్. ఒళ్లు చల్లబడితే ఆ పొంగు కాస్త దిగుతుందట. కరెంటు సగం రోజు ఉండదు, మా ఫ్రిజ్ పచ్చళ్ల అలమరా. నమ్మకంగా ఐసు దొరికేది చేపల కొట్టులోనే. మాదేమో నీచు ముట్టని ఇల్లు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మేడమ్ స్వయంగా వచ్చారు.

“వదినగారూ, మీ మడీ ఉండాల, మీ పిల్లా ఉండాల. బేసిను పెరట్లో పెట్టుకుంటే రెండూ ఉంటాయి,” అన్నారు.

అమ్మ ఒప్పుకుంది. పెరట్లో ఆ బేసిన్‌కు వేరే మూల, వేరే తువ్వాలు.

ఐసు తేవడం నా పని. గురువారం లక్ష్మీవారమని మా వైపు చాలామంది నీచు తినరు, ఆ కొట్టు తెరవరు. అందుకని బుధవారమే తెచ్చి రంపప్పొట్టులో కప్పాలి. ఒక బుధవారం సినిమాకు పోయి మరిచాను. మర్నాడు మధ్యాహ్నం అక్క పెరటి గుమ్మంలో నిలబడింది.

“ఒరే, ఐసుందేటి?”

“ఈవేళ సేపలక్కూడా ఉపాసమే,” అన్నాను.

అది మంచి జోకేనని ఇప్పటికీ నా అభిప్రాయం. అక్క నవ్వలేదు. సాయంత్రానికి దాన్ని ఆసుపత్రి మంచం మీద చూశాను. బతికింది.

మేడమ్ నన్ను వరండాలోకి పిలిచారు. తిడతారని రెండు జవాబులు సిద్ధం చేసుకున్నాను.

“దాని బాధ నువ్వు తెచ్చింది కాదురా. ఐసు తేకపోడం మాత్రం నీ తప్పే. అక్కంటే నీకు ప్రాణం, అదీ నిజఁవే. అన్నీ మొయ్యాల. నువ్వు జోకేసి దింపేస్తన్నావు,” అన్నారు.

నేను సిద్ధం చేసుకున్న రెండూ జోకులే. లోపలే ఉంచుకున్నాను.

తర్వాతి రెండేళ్లలో కార్డు మీద ఐదులు నాలుగులయ్యాయి, అప్పుడప్పుడు మూడు. నయమైందని ఎవరూ అనలేదు. ఆసుపత్రి మంచం మాత్రం మళ్లీ ఎక్కలేదు. ఆ రెండో ఏడు వానల్లో మేడమ్ దసమంతపూర్ వైపు వైద్య శిబిరానికి వెళ్లి మలేరియాతో తిరిగొచ్చారు. అది మెదడుకెక్కింది. నాలుగు రోజులు. ఆ వెనకగదిలో ఇప్పుడు ఫినాయిల్ డబ్బాలు పెడుతున్నారు. ఆ వైద్యం తెలిసిన మనిషి మా చుట్టుపక్కల మరొకరు లేరు. అక్కతోపాటు క్లాసుకొచ్చే మిగతావాళ్లు ఏమయ్యారో అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

ఆవిడ పోయిన కబురు గురువారం వచ్చింది. అక్క పెరట్లోకి నడిచింది. నేను పొట్టు తీసి ఐసు పగలగొట్టాను. ముంచింది, లేచింది, మళ్లీ ముంచింది. మడి చీరలో ఉన్న అమ్మ ఆ తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది.

“ఆవిడ నేదు. నేనింకా ఉండాల. ఎలాగరా?” అంది అక్క. గడ్డం మీంచి నీచు నీళ్లు కారుతున్నాయి.

నోటిదాకా ఒక మాట వచ్చింది, అది జోకే. మింగి, తెలీదన్నాను. పక్కన కూర్చున్నాను. ఆ రోజు కార్డు మీద ఐదు వేసింది. వేసిందంటే ఉన్నట్టు.

ఇప్పుడు కార్డులు నేనే గీసిస్తున్నాను. అంకెలు పెద్దగా మారవు. ఐసు కావాలంటే బుధవారం నాలుగింటిలోపు వెళ్లాలి. సంచీ మనమే పట్టుకెళ్లాలి.